అడకత్తెర ఒప్పుకున్న ఇంగ్లీషు

ఫిబ్రవరి రెండో బుధవారం. బరంపురం, హల్దియాపదర్. హాజరైనవారు: జోగారావు మేస్టారు, ఆయన కూతురు సరోజిని, మిల్లులో లెక్కలు చూసి రిటైరైన నా చిన్ననాటి స్నేహితుడు గవరయ్య, పొడంపేట నుంచి చదువుకోవడానికి వచ్చే ధనలక్ష్మి, నేను.

నా డైరీలో ఏ పుటైనా ఇలాగే మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత ఆ రోజు నాతో ఉన్నవాళ్ల పేర్లు. రైల్వే ఆఫీసులో చేరిన కొత్తలో పట్టుకున్న అలవాటు పింఛను పుచ్చుకుంటున్నా వదల్లేదు. బరంపురం ఎన్నడూ చూడని మిత్రులు కొందరు ఈ ప్రయాణం గురించి రాయమన్నారు. ఆ పుటలు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మేమిప్పుడు ఉండేది విజయనగరంలో. పుట్టి పెరిగింది మాత్రం ఒడిశాలోని బరంపురమే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి అక్కడికి వెళ్లారు. మా చిన్నప్పుడు హల్దియాపదర్‌లో జోగారావు మేస్టారు తన ఇంటి ముందుగదిలో సాయంత్రం క్లాసు నడిపేవారు. ఉద్యోగ పరీక్షలకి కూర్చునే తెలుగు కుర్రాళ్లకి ఇంగ్లీషు జాతీయాలు నేర్పేవారు. మొన్న జనవరిలో సరోజిని ఫోన్ చేసింది.

"నాన్నకి పక్షవాతం వచ్చింది అన్నయ్యా. మాట పోయింది. మనుషుల్ని గుర్తుపడుతున్నారు. క్లాసు నేనే చెబుతున్నాను. ఒక పిల్ల ఉంది, గోపాలపూర్‌లో హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నువ్వు ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నవాడివి కదా, వచ్చి ఓసారి ప్రశ్నలడుగుదూ."

వెళ్లడానికి అది చాలు. మేస్టారిని చూడాలన్నది అంతకన్నా పెద్ద కారణం.

స్టేషను, ఆటో, బరా

గవరయ్య ఇచ్ఛాపురంలో అదే పెట్టె ఎక్కాడు. చేతిలో అప్పడాల కట్ట. అప్పడాలకి పేరుపడ్డ బరంపురానికి అప్పడాలు మోసుకొస్తున్నావేమిరా అంటే, "మా ఆవిడ ఒత్తిందిరా. నేనొద్దంటే ఇంట్లో నాకు కూడుండదు" అన్నాడు.

స్టేషను బయట ఆటో అతను "కుఆడే జిబే, ఆజ్ఞా?" అని అడిగాడు, ఎక్కడికి వెళ్లాలని. గవరయ్య గొంతు సవరించుకుని తనకొచ్చిన ఒడియా అంతా బయటికి తీశాడు. అతనూ ఒడియాలోనే బేరం చెప్పాడు. దారిలో నేను గవరయ్యతో తెలుగులో ఏదో అనేసరికి ఆటో నెమ్మదించింది.

"మీరు తెనుగోలేటి?" అన్నాడు అతను వెనక్కి తిరిగి.

"అవును."

"మరా ముక్క ముందు సెప్పొద్దా బావూ. మీ ఒడియాకి మీరూ సెమట్లు పట్టేరు, నానూ సెమట్లు పట్టేను."

హల్దియాపదర్ మొదట్లో బండి మీద బరా తిన్నాం. మన గారెకి దగ్గర చుట్టం. మనవైపు కొబ్బరి పచ్చడితో తింటాం, అక్కడ బఠానీ కూర వేడివేడిగా మీద పోసి ఇస్తారు. ఆకు దొన్నె ఇరవై రూపాయలు. చిన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా తిన్న రుచి కాబట్టి ఇప్పుడు కూడా గవరయ్య ఒకసారి అటూ ఇటూ చూసి నోట్లో పెట్టుకున్నాడు.

ముందుగది

గది అలాగే ఉంది. గోడకానుకుని రెండు బెంచీలు, కిటికీ పక్కన మేస్టారి కర్ర కుర్చీ. ఆయన కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎడమచేతిలో అడకత్తెర. నన్ను చూసి దాన్ని కొంచెం పైకెత్తారు. కాళ్లకి దండం పెట్టి లేచేటప్పుడు నా కళ్లద్దాలు మసకబారాయి. గవరయ్య వెనకనుంచి, "మేస్టారూ, వీడికి పెన్షనొస్తోంది, కంగారుపడకండి" అన్నాడు. ఆయన పెదవి ఎడమ కొస కదిలింది.

ఆ అడకత్తెర సంగతి చెప్పకపోతే మిగిలినదేదీ అర్థం కాదు. మేస్టారు ఏ జాతీయానికీ అర్థం రాయించేవారు కాదు. 'బ్రేక్ ద ఐస్' అంటే పరిచయం లేనివాళ్ల మధ్య బిగుసుకున్న మౌనాన్ని పోగొట్టడమని పుస్తకం చూసి ఎవరైనా చెప్పగలరు, అది చదువు కాదనేవారు. సంగతి ముందు, మాట తర్వాత. ఇదీ ఆయన పద్ధతి. రోజూ ఒకరు లేచి తమ ఇంట్లోనో వీధిలోనో నిజంగా జరిగిన సంగతి తెలుగులో చెప్పాలి. దానికి తగిన ఇంగ్లీషు మాట మిగిలినవాళ్లు వెతకాలి. అతకని మాట చెబితే అడకత్తెరతో కుర్చీ చేతి మీద ఒక్క దెబ్బ. అతికితే వక్క కత్తిరించి ఒక ముక్క ఇచ్చేవారు. ముక్క మాట చెప్పినవాడికి కాదు, సంగతి ఎవరిదో వాళ్లకి.

నాకు మొదటి ముక్క వచ్చిన సాయంత్రం ఇప్పటికీ గుర్తే. నెలాఖరుల్లో మా అమ్మ మాకు వడ్డించి, తను ముందే తినేశానని చెప్పేది. ఒకనాడు నేను మంచినీళ్లకి లేచి చూస్తే వంటింట్లో గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, ఆవిడ గంజి తాగుతోంది. అది చెప్పాను. బెంచీ చివరినుంచి ఎవరో మెల్లగా 'మేక్ బోత్ ఎండ్స్ మీట్' అన్నారు. ఉన్న కాస్తతో నెల ఈ చివరా ఆ చివరా కలపడం. మేస్టారు వక్క కత్తిరించారు. పరీక్ష కోసం ఎన్నో నేర్చుకున్నాను గాని, అర్థం తెలుసని గుండె మీద చెయ్యి వేసి చెప్పగలిగినవి ఇలా వచ్చిన కొద్దిమాటలే.

గవరయ్య మాత్రం, "పళ్లు గట్టిగా ఉన్నరోజుల్లో నాకు వక్క దొరకలేదు. ఇప్పుడిచ్చినా నమల్లేను" అంటాడు.

ఆ సాయంత్రమే ధనలక్ష్మి వచ్చింది. ప్లస్ టూ దాకా ఒడియాలో చదివింది. పొడంపేట నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. చురుకైన కళ్లు, తొందర మాట. "తాతా, శనారం నా ఇంటర్వ్యూ. జాతీయాలు రెండొందలు బట్టీ కొట్టీసినాను. మీరు ఏదడిగినా ఒదలను" అంది.

సరోజిని నావైపు చూసి కళ్లతోనే ఏదో చెప్పింది.

పిల్ల వెళ్లాక సరోజిని అసలు విషయం చెప్పింది. కేరళలో రొయ్యలు ఒలిచే షెడ్లకి ఆడపిల్లల్ని తీసుకెళ్లే మేస్త్రీ బండి వచ్చే వారం వస్తుంది. వీధిలో ఈడుపిల్లలు చాలామంది వెళ్తున్నారు. ఈ ఉద్యోగం రాకపోతే ధనలక్ష్మి కూడా ఎక్కాలి. తండ్రి లేడు. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే.

పొడంపేట

గురువారం గవరయ్యా నేనూ ధనలక్ష్మి వాళ్ల ఊరు వెళ్లాం. హోటలు పని ఎలాంటిదో తల్లి మమ్మల్ని అడగాలనుకుందట. రుషికుల్యా నది సముద్రంలో కలిసేచోట ఆ ఊరు. పాత ఊరిని సముద్రం కొంచెం కొంచెంగా తినేసింది. ఇసకలో సగం మునిగిన గోడలు, తలుపుల్లేని ద్వారబంధాలు మిగిలాయి. జనం లోపలికి జరిగి కొత్తగా ఇళ్లు కట్టుకున్నారు.

ధనలక్ష్మి తల్లి ఎర్రమ్మ ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. మాకోసం పండుగప్ప పులుసు పెట్టింది. పక్కన మజ్జిగ కలిపిన చద్దన్నం గిన్నె. ఒడియావాళ్లు దీన్నే పొఖాళొ అని మధ్యాహ్నం అతిథికి కూడా మర్యాదగా పెడతారు. మనవైపు చద్దన్నం పొద్దున్న ఇంట్లోవాళ్లకే, పై మనిషికి పెట్టడానికి మొహమాటపడతాం. ఎర్రమ్మ రెండు పద్ధతులూ పాటించి, పెట్టింది గాని మొహమాటపడింది.

వాకిట్లో ఒక పాత రోలు ఉంది. కొత్త సిమెంటు ఇంటి ముందు నల్లగా, అంచులు అరిగి. గవరయ్య చెయ్యి కడుక్కుని దానిమీద కూలబడబోయాడు.

"దాని మీద కూకోకండి బావూ," అంది ఎర్రమ్మ, కుర్చీ ముందుకి లాగుతూ.

"విరిగిపోతుందనా?"

"మీరు ఇరిగినా అది ఇరగదు. అది మా ఇంటికి పెద్దది."

తర్వాత ఆవిడ అసలు ప్రశ్న అడిగింది. "ఆడకూతురు ఓటల్లో పనంటే మంచిదేనా బావూ? రాత్రుళ్లు ఉండమంటారేటి?"

తెలిసినంత చెప్పాను. ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, గదులు చూపించడం, అడిగినదానికి జవాబు చెప్పడం. పగటి డ్యూటీయేనని సరోజిని కనుక్కుందని కూడా చెప్పాను.

ఆవిడ చీపురుపుల్ల ముక్కలుగా విరిచింది. "గోపాలపూరైతే సాయింత్రానికి ఇంటికొస్తాది. కేరళ ఎల్తే ఎప్పుడొస్తాదో ఏటో. శనారం దాకా సూస్తాను. అవకపోతే బండెక్కుతాది, మరేటి సేస్తాను."

ధనలక్ష్మి గుమ్మంలో నిలబడి వింటోంది.

చమఖండి మీదుగా

తిరుగుదారిలో చమఖండి దగ్గర సముద్రపొడ్డున ఆగాం. మేస్టారు ఏడాదికోసారి క్లాసుని సైకిళ్ల మీద ఆ తీరానికి తీసుకొచ్చేవారు. ఇసకలో చుట్టూ కూర్చోబెట్టి అక్కడ కూడా సంగతులే చెప్పించేవారు. ఆయన పంచె మోకాళ్ల దాకా కట్టుకుని నీళ్లలో నిలబడితే మాకు ఎవరో కొత్త మనిషిని చూసినట్టుండేది.

ఆ చోటు వెతుక్కుంటూ గవరయ్య చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు ఏదో అరుస్తున్నారని నేను వాళ్లవైపు తిరిగాను. వాళ్లు అరుస్తున్నది చెప్పుల గురించే. ఒక అల వచ్చి రెండింటినీ తీసుకుపోయింది. ఒకటి కాసేపు తేలుతూ కనబడింది.

"పోన్లేరా, అవి కొత్తవి కూడా కావు," అన్నాను.

"నావి కావు కూడా. మా అల్లుడివి," అన్నాడు వాడు.

ఛత్రపురం బజారు దాకా ఆటోలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. నూట ఇరవై పెట్టి ప్లాస్టిక్ చెప్పులు కొన్నాడు. అల్లుడివి తోలువి.

శుక్రవారం సాయంత్రం

నేను బల్ల వెనక కూర్చున్నాను. ధనలక్ష్మి తలుపు తట్టి, అనుమతి అడిగి, నమస్కారం పెట్టి ఎదురుగా కూర్చుంది. నడక, కూర్చోవడం అన్నీ బాగున్నాయి. మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగాను.

పిల్ల ఊపిరి తీసుకుని అందుకుంది. తను అమ్మకి 'ఆపిల్ ఆఫ్ ద ఐ' అంది. కంటివెలుగు అనే కదా, సరే అనుకున్నాను. చదువు తనకి 'పీస్ ఆఫ్ కేక్', అంటే నల్లేరు మీద బండి నడక అంది. ఇల్లు గడవడానికి అమ్మ 'బర్నింగ్ ద మిడ్‌నైట్ ఆయిల్' అంది. అది రాత్రుళ్లు మేలుకుని చదువో రాతపనో చేసేవాళ్ల గురించి అనే మాట. అడకత్తెర ఒకసారి మోగింది. ఆగకుండా, "మై ఫాదర్ కిక్డ్ ద బకెట్" అంది, చిరునవ్వుతో.

అడకత్తెర మోగలేదు. మేస్టారు దాన్ని ఒళ్లో పెట్టేసి కిటికీ బయటికి చూశారు.

తప్పు ఆ పిల్లది మాత్రమే కాదు. మా ఈడులో మేమూ అంతే చేశాం. ఇంగ్లీషులో చదువుకోనివాళ్లం జాతీయాలని పెళ్లి నగల్లా చూసేవాళ్లం. ఎన్ని దిగేసుకుంటే అంత గొప్పగా కనబడతామనుకునేవాళ్లం. పుస్తకంలో ఆ మాటకి ఎదురుగా 'చనిపోవు' అని ఉంటుంది. అది అబద్ధం కాదు. కాని ఏ గొంతుతో అనే మాటో పుస్తకం చెప్పదు.

"అమ్మా, మనలో కూడా పోయారంటాం, కాలం చేశారంటాం, టపా కట్టేశాడంటాం. మూడింటికీ అర్థం ఒకటే. మీ నాన్న టపా కట్టేశాడని మీ అమ్మతో అంటావా?" అని అడిగాను.

ధనలక్ష్మి ముఖంలో రంగు పోయింది. "దానర్థం అదేటి?" అంది చాలా చిన్నగా.

"ఇంచుమించు అదే."

"ఇన్నాళ్లూ నాను అద్దం ముందు నిలబడి మా నాన్ననే అలగ..." లేచింది. "నాను ఎల్లను తాతా రేపు. నాకు రాదు ఇది. కేరళ అయితే రొయ్యలతో మాటాడక్కర్నేదు."

సరోజిని ఏదో అనబోయింది. గవరయ్య ఆపాడు. "ఉండు. నా చెప్పుల సంగతి ఇంకా మేస్టారికి చెప్పలేదు" అని లేచి నిలబడి మొదలుపెట్టాడు. అల దగ్గర్నుంచి అల్లుడి దాకా చెప్పాడు. ప్లాస్టిక్ చెప్పులు తీసి చూపించాడు. మేస్టారి భుజాలు కదిలాయి. ధనలక్ష్మి నవ్వకూడదనుకుని ఓడిపోయింది.

"దీనికి ఇంగ్లీషు మాట ఒద్దు గాని," అన్నాడు గవరయ్య, "నా వంతు అయిపోయింది. ఇప్పుడు నీ వంతు. మీ వాకిట్లో ఆ రోలుకి అంత మర్యాద దేనికో చెప్పు. తెలుగులోనే."

పిల్ల నిలబడే చెప్పింది.

"మా నాన్న జొరమొచ్చి పోయేక ఏడాదికి పెద్ద తుపానొచ్చింది. మమ్మల్ని ఇస్కూలు బిల్డింగులో పెట్టేరు. తెల్లారి ఎల్లి సూస్తే ఇల్లు నేదు. రేకులు ఎగిరిపోనాయి, వలలు ఇసకలో పోనాయి, గిన్నొకటి నేదు. రోలొక్కటే ఉంది. గాలి దాన్ని లేపనేకపోయింది. అమ్మ దానిమీద కూకుంది. ఏడుస్తాదనుకున్నాను. ఏడవనేదు. లెగిసి పక్కోలనడిగి ఒక గంప తెచ్చి, చమఖండి నడిసెల్లిపోయింది చేపలకి. గంజాం సంతలో అమ్మింది. మొదట ఒక గిన్నె కొంది. మళ్లీ వారం పొయ్యి. నన్ను బడి మానమననేదు. అలగ ఒకటీ ఒకటీ... ఇప్పుడు ఆ ఇల్లు."

పాత అలవాటు కొద్దీ గవరయ్యా నేనూ మాట వెతకడం మొదలుపెట్టాం. 'టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్' అన్నాడు గవరయ్య. అడకత్తెర మోగింది. అది నడత మార్చుకునేవాళ్ల గురించి. నేను నా సొంత మాట, 'మేక్ బోత్ ఎండ్స్ మీట్' అన్నాను. నాకూ దెబ్బ పడింది. న్యాయమే. ఉన్నదాన్ని సర్దుకోవడం మా అమ్మ కథ. ఎర్రమ్మకి సర్దుకోవడానికి ఏముంది? సరోజిని ఇంకొకటి చెప్పింది. అదీ అతకలేదు. ఎన్నో ఏళ్లు ఫైళ్లు ఇంగ్లీషులో రాసినవాణ్ని, ఆ పూట నాకు మాట దొరకలేదు.

"మాట లేకపోయినా పరవాలేదు," అన్నాను చివరికి. "రేపు ఇదే చెప్పు. వచ్చిన ఇంగ్లీషులో. ఆ రెండొందలూ ఇక్కడే వదిలేసి వెళ్లు."

"ఎల్లనన్నాను కదా," అంది.

చివరి బస్సు దాటిపోతుందని సరోజిని తొందరపెట్టింది. పిల్ల చెప్పులు వేసుకుంది. వెళ్తానని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున్న

శనివారం మా రైలు మధ్యాహ్నం. సరోజిని ఉప్మా పెట్టింది. మేస్టారికి తినిపించింది. ఇంటర్వ్యూ తొమ్మిదింటికి. ధనలక్ష్మి ఫోన్ కట్టేసి ఉంది. గవరయ్య పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు గాని పుట తిప్పలేదు. మేస్టారు కుర్చీ వీధివైపు తిప్పమని చేత్తో చూపించారు.

ఎండ అరుగు ఎక్కే వేళకి ఆటో ఆగింది. ఆకుపచ్చ చున్నీ, జడలో రాలిపోతున్న బంతిపువ్వు. దిగుతూనే డ్రైవరుతో చిల్లర విషయం తగువాడి మరీ లోపలికి వచ్చింది.

"ఫోన్ కట్టీమన్నారు అక్కడ. మళ్లీ ఎయ్యడం మర్సిపోనాను," అంది.

"వెళ్లావన్నమాట," అన్నాడు గవరయ్య.

"అమ్మ లెగదీసి పంపించింది. పొద్దున్న బస్సుదాకా నాతో ఒచ్చింది." బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగింది. "ఒక మేడం అడిగింది, మీ గురించి సెప్పండని. రోలు సంగతే సెప్పినాను. నాకొచ్చిన ఇంగ్లీసు ఎంతని, సగం సేతుల్తో సెప్పినాను. మా నాన్న గురించి 'హి ఈజ్ నో మోర్' అన్నాను, అంతే. ఆవిడ రాసుకుంటన్నది రాసుకుంటన్నట్టే ఆగిపోయి నాకేసి సూసింది. 'సో యువర్ మదర్ స్టార్టెడ్ ఫ్రమ్ స్క్రాచ్' అంది."

ఫ్రమ్ స్క్రాచ్. ఏమీ లేనిచోట, మొట్టమొదటి నుంచి మొదలుపెట్టడం. ఎన్నిసార్లు ఆఫీసులో రాశానో ఆ మాట, పోయిన ఫైలు మళ్లీ తయారుచెయ్యమన్నప్పుడల్లా. నిన్న నాకు తట్టలేదు. గవరయ్య నుదురు కొట్టుకున్నాడు.

"ఆ మాటినగానే నాకు ఈ గదే గుర్తొచ్చింది తాతా. మేస్టారుగారి వక్క ఏదీ అనీసి బల్ల మీద సూసినాను."

"ఉద్యోగం సంగతేమందే?" అంది సరోజిని, ఆగలేక.

"సోమారం నుంచి రమ్మన్నారు. మూడు నెల్లు సూస్తారంట. డ్యూటీ పగలే." అప్పుడు నవ్వింది. "మేస్త్రీ బండికి నా పేరు కొట్టీమని అమ్మకి సెప్పాలి."

ఆ నవ్వులోనే కిటికీ దగ్గర చప్పుడైంది. మేస్టారు వక్కని కుర్చీ చేతి మీద పెట్టి, ఎడమచేత్తో అడకత్తెర నొక్కుతున్నారు. వక్క జారిపోయింది. సరోజిని సాయానికి వంగితే మోచేత్తో పక్కకి నెట్టారు. రెండోసారి తెగింది. ముక్కని వేళ్ల మధ్య పట్టుకుని పిల్లవైపు చాపారు.

ధనలక్ష్మి రెండు చేతులూ పట్టి అందుకుంది. నోట్లో వేసుకుంటుందనుకున్నాను. చున్నీ కొంగులో పెట్టి ముడి వేసింది.

"ఇది మా అమ్మది కదా," అంది. "సంగతి దానిదే."

మేస్టారు ఆ ముడివైపు కాసేపు చూశారు. తర్వాత ఇంకో ముక్క కోసం అడకత్తెర మళ్లీ తెరిచారు.